అప్‌గ్రేడ్ తరువాత తెర నల్లబడితే: లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ చిక్కులు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకుంది. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఉక్కు పనికోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు భిలాయి సెక్టార్లలోనూ, పక్కనే ఉన్న రిసాలిలోనూ తరాలుగా నివసిస్తున్నాయి. రిసాలిలో అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దాయన దగ్గర పదేళ్లు దాటిన కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో జీఫోర్స్ జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు, ఉబుంటు 22.04 ఉన్నాయి. పింఛను కాగితాల స్కాన్‌లు, మనవరాలి పెళ్లి ఫొటోలు, ఊరి పొలం పత్రాల నకళ్లు అన్నీ అందులోనే. ఒక ఆదివారం మనవడు దాన్ని ఉబుంటు 24.04కు అప్‌గ్రేడ్ చేశాడు. రీస్టార్ట్ అయ్యాక తెరమీద నలుపు తప్ప మరేమీ లేదు.

దగ్గరలోని రిపేరు షాపుకు తీసుకెళితే సాధారణంగా వినిపించే మాట ఒకటే: ‘ఫార్మాట్ చేయాలి’. హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేసి సిస్టమ్‌ను మళ్లీ ఎక్కిస్తే తెర వెలుగుతుంది. కానీ పెళ్లి ఫొటోలు, పింఛను కాగితాలు పోతాయి. నిజానికి ఇలాంటి సందర్భాల్లో చాలావరకు డిస్క్‌కు ఏమీ కాదు. ఫైళ్లన్నీ పదిలంగా ఉంటాయి. తెరకు బొమ్మను అందించే వరుసలో ఒక మెట్టు మాత్రమే తప్పి ఉంటుంది. ఆ మెట్టు ఏదో కనుక్కోగలిగితే ఫార్మాట్ అవసరమే రాదు.

తెర మీదికి బొమ్మ ఎలా వస్తుంది?

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించే దాకా కంప్యూటర్‌లో పని చేతులు మారుతూ సాగుతుంది. మొదట మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ మేల్కొని, కంపెనీ లోగో చూపిస్తుంది. తరువాత గ్రబ్ అనే బూట్ లోడర్ వస్తుంది. ఏ కెర్నల్‌తో మొదలుపెట్టాలో అది నిర్ణయిస్తుంది. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. ప్రాసెసర్, మెమరీ, డిస్క్, కీబోర్డు వంటి పరికరాలన్నిటినీ అదే నడిపిస్తుంది.

కెర్నల్ లేచాక గ్రాఫిక్స్ కార్డుకు సంబంధించిన డ్రైవర్ మాడ్యూల్‌ను లోడ్ చేస్తుంది. ఎంత రిజల్యూషన్, సెకనుకు ఎన్నిసార్లు తెర మారాలి వంటివి నిర్ణయించే ఈ పనికి ‘మోడ్ సెట్టింగ్’ అని పేరు. ఆ పైన వేల్యాండ్ గానీ, పాతదైన ఎక్స్ సర్వర్ గానీ కిటికీలను గీస్తుంది. వాటి మీద లాగిన్ తెర, చివరగా డెస్క్‌టాప్ వస్తాయి.

ఇందులో ఇంటెల్, ఏఎండీ చిప్‌ల డ్రైవర్లు చాలావరకు లినక్స్ కెర్నల్‌తో కలిసే ఉంటాయి. కెర్నల్ మారితే అవీ దానితోపాటే మారతాయి. అందుకే వాటితో చిక్కులు తక్కువ. ఎన్‌విడియా కార్డులకు రెండు దారులున్నాయి. ఒకటి, స్వచ్ఛంద డెవలపర్లు మొదలుపెట్టి 2010లో కెర్నల్‌లో చేరిన ‘నూవో’ డ్రైవర్. రెండోది, ఎన్‌విడియా సంస్థ విడిగా ఇచ్చే సొంత డ్రైవర్. ఈ రెండోది కెర్నల్‌కు బయట ఉంటుంది. అప్‌గ్రేడ్ తరువాత వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం దీని దగ్గరే మొదలవుతాయి.

కెర్నల్ మారితే డ్రైవర్ ఎందుకు తడబడుతుంది?

మనం రోజూ వాడే బ్రౌజర్, ఆఫీసు ప్రోగ్రాముల వంటివి కొత్త కెర్నల్ వచ్చినా పనిచేయాలన్నది లినక్స్ డెవలపర్లు గట్టిగా పాటించే నియమం. కానీ కెర్నల్ లోపలి భాగాలకు ఆ హామీ లేదు. లోపలి ఫంక్షన్ల పేర్లు, అవి తీసుకునే విలువలు ఎప్పుడైనా మారవచ్చు. కెర్నల్‌లోనే ఉన్న డ్రైవర్‌ను, మార్పు చేసినవారే సరిచేస్తారు. బయట ఉన్న డ్రైవర్ సంగతి దాన్ని తయారు చేసినవారే చూసుకోవాలి.

అందుకని బయటి డ్రైవర్‌ను ప్రతి కొత్త కెర్నల్‌కూ ఆ కంప్యూటర్‌లోనే తిరిగి కంపైల్ చేయాల్సి వస్తుంది. ఈ పనిని దానంతట అదే జరిపించే ఏర్పాటు పేరు ‘డీకేఎంఎస్’. కెర్నల్ హెడర్ ఫైళ్లు లేకపోయినా, డ్రైవర్ కోడ్ మరీ పాతదైనా కంపైల్ విఫలమవుతుంది. అప్‌గ్రేడ్ మాత్రం ముందుకు సాగిపోతుంది. విఫలమైన సంగతి వందలాది వరుసల మధ్య ఎక్కడో కనిపించి మాయమవుతుంది.

రిసాలి ఇంట్లో జరిగింది కూడా ఇదే అనుకోవచ్చు. జీటీ 730 పేరుతో మార్కెట్లో రెండు రకాల చిప్‌లున్న కార్డులు అమ్ముడయ్యాయి. కొన్నిటిలో పాతదైన ఫెర్మీ తరం చిప్, మరికొన్నిటిలో కెప్లర్ తరం చిప్ ఉన్నాయి. పెట్టె మీద పేరు ఒకటే అయినా రెండింటికీ కావలసిన డ్రైవర్ వేరు. ఫెర్మీ చిప్‌లకు ఎన్‌విడియా ఇచ్చిన చివరి డ్రైవర్ శాఖ 390. దానికి సంస్థ మద్దతు 2022 చివరితో ముగిసింది. కెప్లర్ చిప్‌లకు చివరిదైన 470 శాఖకు 2024లో ముగిసింది. వాటి తరువాతి తరాలైన మ్యాక్స్‌వెల్, పాస్కల్, వోల్టాలకు 580 శాఖే చివరిదని ఎన్‌విడియా 2025లో ప్రకటించింది.

ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నల్‌తో వచ్చింది, 24.04 వచ్చింది 6.8తో. ఈ మధ్యలో కెర్నల్ లోపల జరిగిన మార్పులకు అనుగుణంగా 390 శాఖను ఎన్‌విడియా మార్చలేదు. దాంతో ఆ డ్రైవర్ కొత్త కెర్నల్ మీద కంపైల్ కాదు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఎన్‌విడియా డ్రైవర్‌ను మొదట ఎక్కించినప్పుడు, రెండు డ్రైవర్లు ఒకే కార్డు కోసం పోటీపడకుండా ఉండటానికి నూవోను నిషేధ జాబితాలో చేరుస్తుంది. ఇప్పుడు ఎన్‌విడియా మాడ్యూల్ రాలేదు, నూవోకు అనుమతి లేదు. కార్డును నడపగల డ్రైవర్ ఒక్కటీ లేక తెర నల్లగా ఉండిపోయింది.

ఎక్కడ ఆగిందో గమనించడం

మరమ్మతుకు ముందు చేయవలసిన పని చూడటమే. తెర ఏ దశలో నల్లబడిందో తెలిస్తే సగం కారణం తెలిసినట్టే.

1. కంపెనీ లోగో కూడా రాకపోతే అది లినక్స్ సమస్య కాదు. కేబుల్, మానిటర్ ఇన్‌పుట్, కార్డు బిగింపు చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్‌ను పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకు తగిలించడం తరచూ జరిగేదే.

2. లోగో, గ్రబ్ వచ్చి ఆ తరువాత తెర నల్లబడితే డ్రైవర్ దశలో లోపం ఉండే అవకాశం ఎక్కువ.

3. డెస్క్‌టాప్ వచ్చి, అక్షరాలు పెద్దవిగా మసకగా ఉండి, రిజల్యూషన్ మార్చే వీలు లేకపోతే అసలు డ్రైవర్ బదులు అత్యవసరానికి ఉండే సాదా డ్రైవర్ నడుస్తోందని అర్థం.

4. లాగిన్ తెర వచ్చి, పాస్‌వర్డ్ ఇచ్చాక మళ్లీ లాగిన్ తెరకే తిరిగి వస్తుంటే వేల్యాండ్ లేదా ఎక్స్ సెషన్ మొదలుకావడం లేదు. డిస్క్ పూర్తిగా నిండిపోయినా ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఖాళీ ఎంత ఉందో ముందు చూడాలి.

రెండో, నాలుగో సందర్భాల్లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలను కలిపి నొక్కి చూడాలి. అక్షరాలతో కూడిన లాగిన్ తెర వస్తే సిస్టమ్ బతికే ఉందన్నమాట. బొమ్మలు గీసే భాగం ఒక్కటే పడిపోయింది.

ఈ అక్షర తెర మీద తెలుగువారిని భయపెట్టే విషయం ఒకటుంది. ఫైళ్లకు, ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టి ఉంటే అవి ఇక్కడ తెల్లని డబ్బాల్లా, అర్థంకాని గుర్తుల్లా కనిపిస్తాయి. ఫైళ్లు పాడయ్యాయని చాలామంది అనుకుంటారు. కానీ లినక్స్ అక్షర తెర ఒకేసారి 512 గుర్తుల దాకా మాత్రమే చూపగలదు. ఒత్తులు, గుణింతాలను కలిపి చూపే శక్తి కూడా దానికి లేదు. డెస్క్‌టాప్ తిరిగి వచ్చాక ‘పెళ్లి ఫొటోలు’ అన్న పేరు మామూలుగానే కనిపిస్తుంది.

తెరను తిరిగి తెచ్చే క్రమం

దిగువ చెప్పిన కమాండ్ల పేర్లు పలికే తీరులో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు చిన్న అక్షరాలు వాడాలి. ఇవి ఉబుంటు, డెబియన్ కుటుంబానికి చెందిన పంపిణీలకు వర్తిస్తాయి. సీడాక్ రూపొందించిన మన దేశపు ‘బాస్’ లినక్స్ కూడా డెబియన్ మీద ఆధారపడినదే.

మొదటి మెట్టు పాత కెర్నల్. కంప్యూటర్ మొదలవుతుండగా షిఫ్ట్ కీ పట్టుకుంటే, యూఈఎఫ్ఐ ఉన్నవాటిలో ఎస్కేప్ కీ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అన్న వరుసలోకి వెళితే పాత కెర్నల్‌లు కనిపిస్తాయి. కెర్నల్ ఒక్కటే మారిన మామూలు అప్‌డేట్ అయితే, పాతదాన్ని ఎంచుకోగానే తెర వచ్చేస్తుంది. మొత్తం సిస్టమ్ వెర్షన్ మారినప్పుడు మాత్రం డ్రైవర్‌కు చెందిన మిగతా ఫైళ్లు కూడా మారిపోయి ఉంటాయి కనుక ఇది ప్రతిసారీ ఫలించదు.

రెండో మెట్టు ‘నోమోడ్‌సెట్’. గ్రబ్‌లో కెర్నల్ పేరు మీద నిలిచి ‘ఇ’ అనే ఇంగ్లిషు అక్షరం నొక్కితే కొన్ని వరుసలు తెరుచుకుంటాయి. ‘లినక్స్’ అన్న మాటతో మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి, ఎఫ్10 నొక్కాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకుండా, ఫర్మ్‌వేర్ ఇచ్చిన సాదా తెరతోనే నడవమని కెర్నల్‌కు చెప్పినట్టు. ఈ మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. దీన్ని శాశ్వతంగా ఉంచేయడం మంచిది కాదు. అసలు డ్రైవర్ ఎప్పటికీ రాదు, వీడియోలు తడబడతాయి.

మూడో మెట్టు ఫైళ్ల నకలు. తెర ఏ రూపంలో వచ్చినా సరే, ఇంకే మార్పూ చేయకముందే ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. తెర అసలే రాకపోతే, మరో కంప్యూటర్‌లో లినక్స్ లైవ్ యూఎస్‌బీ తయారు చేసి దానితో బూట్ చేయవచ్చు. హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండానే లైవ్ సిస్టమ్ నడుస్తుంది. అక్కడి నుంచి ఫోల్డర్లను కాపీ చేసుకోవచ్చు. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే దాని పాస్‌వర్డ్ అవసరం. ఈ మెట్టు దాటాక ఇక పోయేదేమీ ఉండదు.

నాలుగో మెట్టు లాగ్ చదవడం. ప్లాంటులో షిఫ్ట్ మారేటప్పుడు లాగ్‌బుక్‌లో రాసిపెట్టినట్టే, లినక్స్ తాను మొదలైన ప్రతిసారీ జరిగినదంతా రాసుకుంటుంది. కొత్తగా వచ్చినవారు ముందు షిఫ్ట్ పేజీ తిరగేసినట్టు, ‘జర్నల్‌సీటీఎల్’ కమాండ్‌కు ‘మైనస్ బి, మైనస్ 1’ జోడిస్తే క్రితంసారి బూట్‌లో ఏం జరిగిందో కనిపిస్తుంది. అందులో ఎన్‌విడియా, నూవో, డీఆర్ఎం అన్న మాటలున్న వరుసల కోసం వెతకాలి.

ఐదో మెట్టు మూడు ప్రశ్నలు. ‘ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కె’ అన్న కమాండ్ కార్డులో ఉన్న చిప్ పేరు, దాన్ని ప్రస్తుతం ఏ డ్రైవర్ నడుపుతున్నదీ చెబుతుంది. చిప్ పేరు ‘జీఎఫ్’తో మొదలైతే ఫెర్మీ, ‘జీకే’తో మొదలైతే కెప్లర్. డ్రైవర్ పేరు వరుసే లేకపోతే ఏదీ లోడ్ కాలేదని అర్థం. ‘డీకేఎంఎస్ స్టేటస్’ బయటి మాడ్యూల్ ఏ కెర్నల్‌కు సిద్ధమైందో చూపిస్తుంది. ‘మోక్‌యుటిల్’ కమాండ్‌కు రెండు మైనస్‌లతో ‘ఎస్‌బి మైనస్ స్టేట్’ చేరిస్తే సెక్యూర్ బూట్ అమల్లో ఉందో లేదో తెలుస్తుంది.

కారణం బట్టి మందు

మాడ్యూల్ కంపైల్ కాలేదని తేలితే, నడుస్తున్న కెర్నల్‌కు హెడర్ ఫైళ్లు ఉన్నాయో లేదో మొదట చూడాలి. లేకపోతే వాటిని ఎక్కించి, డ్రైవర్ ప్యాకేజీని తిరిగి ఎక్కిస్తే చాలు.

అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయి ఆగిపోతే, కొన్ని ప్యాకేజీలు కొత్తవి, కొన్ని పాతవి అయి సగంలో నిలిచిపోతాయి. అప్పుడు అక్షర తెరలో ‘డీపీకేజీ’ని రెండు మైనస్‌లతో ‘కాన్ఫిగర్’, ఆ తరువాత ‘మైనస్ ఎ’ చేర్చి నడపాలి. దాని తరువాత ‘ఆప్ట్’తో ‘ఫుల్ మైనస్ అప్‌గ్రేడ్’ ఇస్తే మిగిలిన పని పూర్తవుతుంది. ఈ రెంటికీ ముందు ‘సుడో’ ఉండాలి.

కెర్నల్ మాడ్యూల్ ఒక వెర్షన్‌లో, దానితో మాట్లాడే లైబ్రరీలు మరో వెర్షన్‌లో ఉంటే లాగ్‌లో ‘ఏపీఐ మిస్‌మ్యాచ్’ అన్న మాట కనిపిస్తుంది. ఒక్కోసారి రీస్టార్ట్ చేస్తేనే సరిపోతుంది. లేకపోతే డ్రైవర్ ప్యాకేజీలన్నిటినీ ఒకే వెర్షన్‌కు తేవాలి.

సెక్యూర్ బూట్ అమల్లో ఉంటే, గుర్తింపు సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ సక్రమంగా కంపైల్ అయినా గడప దగ్గరే ఆగిపోతుంది. ఉబుంటు ఇందుకోసం ఆ కంప్యూటర్‌లోనే ఒక కీ తయారు చేసి, ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. తరువాతి బూట్‌లో నీలిరంగు తెర వచ్చి ‘ఎన్‌రోల్ మోక్’ అని అడుగుతుంది. అక్కడ ఆ పాస్‌వర్డ్ ఇస్తేనే కీ నమోదవుతుంది. ఆ నీలి తెరను చూసి కంగారుపడి ‘కంటిన్యూ బూట్’ నొక్కేసేవారు చాలామంది. తెర రాకపోవడానికి కారణం అదే అయితే, డ్రైవర్ ప్యాకేజీని మళ్లీ ఎక్కించి, ఈసారి కీని నమోదు చేయాలి.

కార్డుకు తగిన డ్రైవర్ కొత్త కెర్నల్‌కు లేనే లేకపోతే, రిసాలి ఇంటికి పనికొచ్చే మందు నూవో. ‘ఆప్ట్ పర్జ్’తో ఎన్‌విడియా పేరున్న డ్రైవర్ ప్యాకేజీలను తొలగించాలి. తొలగించబోయే వాటి జాబితాను చదివాకే అవును అనాలి. వాటితోపాటు నూవో మీద నిషేధం పెట్టిన ఫైల్ కూడా పోతుంది. ఎవరైనా చేత్తో రాసిపెట్టిన నిషేధ ఫైల్ ‘మోడ్‌ప్రోబ్’ ఫోల్డర్‌లో ఉంటే దాన్నీ, ఎన్‌విడియా పేరు రాసి ఉన్న పాత ఎక్స్ సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైల్‌నూ పక్కకు జరపాలి. తరువాత ‘అప్‌డేట్ మైనస్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’కు ‘మైనస్ యు’ చేర్చి నడిపి, రీస్టార్ట్ చేయాలి. నూవో ఆ పాత కార్డును పూర్తి వేగంతో నడపకపోవచ్చు. కానీ పత్రాలు చదవడానికి, ఫొటోలు చూడటానికి, ఇంటర్నెట్ వాడకానికి సరిపోతుంది. ప్రాసెసర్‌లోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే, కార్డు తీసేసి కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు మార్చడం ఇంకా తేలిక.

పాత యంత్రాలు, కొత్త ఒత్తిడి

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 చిప్, కొత్త తరం ప్రాసెసర్ చాలా ఇళ్లలోని కంప్యూటర్లకు లేవు. వాటిని పారేయకుండా వాడుకోవడానికి లినక్స్ ఒక దారి. అయితే పాత యంత్రాల్లో పాత కార్డులే ఉంటాయి. డ్రైవర్ల మద్దతు ముగిసేదీ ముందుగా వాటికే.

2022 మే నెలలో ఎన్‌విడియా తన డ్రైవర్‌లోని కెర్నల్ భాగాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. అది ట్యూరింగ్, అంతకన్నా కొత్త తరాల చిప్‌లకే పనిచేస్తుంది. పదేళ్ల నాటి కార్డులకు నూవో వంటి కెర్నల్‌లోని డ్రైవర్లే ఆధారం. కార్డు తయారు చేసిన సంస్థ వదిలేసిన తరువాత కూడా ఆ కోడ్ అందరి చేతుల్లో ఉండటం వల్ల, దాన్ని కొత్త కెర్నల్‌కు సరిచేసేవారు ఉంటారు.

మరోసారి అప్‌గ్రేడ్ చేసే ముందు

- ముఖ్యమైన ఫైళ్ల నకలు బయటి డిస్క్‌లో ఉండాలి.
- కార్డు చిప్ పేరు, ప్రస్తుతం వాడుతున్న డ్రైవర్ వెర్షన్ కాగితం మీద రాసుకోవాలి. కొత్త వెర్షన్‌లో ఆ డ్రైవర్ శాఖ ఉందో లేదో చూడాలి.
- ఇతర చోట్ల నుంచి చేర్చిన ప్యాకేజీ భాండాగారాలు ఉంటే, వాటి నుంచి వచ్చిన డ్రైవర్లను ముందుగా తొలగించి పంపిణీ ఇచ్చే డ్రైవర్‌కు మారాలి.
- తొందర అక్కర్లేదు. ఉబుంటు దీర్ఘకాల మద్దతు వెర్షన్ నుంచి తరువాతి దానికి మారమన్న సూచన, కొత్త వెర్షన్‌కు తొలి సవరణ విడుదల వచ్చాకే కనిపిస్తుంది. ఉబుంటు 22.04కు సాధారణ మద్దతు 2027 వరకు ఉంది.
- లైవ్ యూఎస్‌బీ ఒకటి సొరుగులో ఉండాలి. కొత్త వెర్షన్‌ను ముందు దానితోనే నడిపి, తెర సరిగా వస్తోందో చూసుకోవచ్చు.
- కరెంటు పోతే ఆగని ఏర్పాటు ఉన్నప్పుడే అప్‌గ్రేడ్ మొదలుపెట్టాలి.

రిసాలి ఇంట్లోని మనవడికి ఈ క్రమం తెలిసి ఉంటే, తెర నల్లబడ్డ రోజే నోమోడ్‌సెట్‌తో లోపలికి వెళ్లి ఫొటోలను, పత్రాలను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటాడు. కార్డులో ఉన్నది ఫెర్మీ చిప్ అని తెలుసుకుని, పాత డ్రైవర్‌ను తొలగించి నూవోకు మారుస్తాడు. షాపుకే వెళ్లవలసి వచ్చినా, ఫార్మాట్ మాట ఎత్తేముందు డిస్క్‌లోని ఫైళ్లు తీసి ఇవ్వమని అడగగలుగుతాడు.